వెనక మెట్ల పెద్ద టీచర్

మా పెద్ద టీచర్ పోయారు. సోమవారం పొద్దున అడాజన్‌లో కొడుకు ఇంట్లో, చాయ్ తాగుతూ కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయారట. కోడలు ఫోన్ చేసేసరికి మేం ప్రార్థన ముగించి పిల్లల్ని క్లాసుల్లోకి పంపుతున్నాం. నేను స్టాఫ్ రూమ్‌లో చెప్పగానే మా బడి ఆయమ్మ చీపురు పక్కన పడేసి గోడకు ఆనుకుని కూలబడింది. హిందీ సార్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

సాయంత్రానికి వాట్సాప్ నిండా సంతాపాలు. వాటిలో ఒకటి, మాతో కొన్నేళ్లు పనిచేసి వెళ్లిపోయిన ఒకామె రాసింది: పాపం, జీవితమంతా ఏదో ముంచుకొస్తుందని భయపడుతూనే గడిపింది, ఇకనైనా ప్రశాంతంగా ఉంటుంది అని. దాని కింద వరసగా దండాల బొమ్మలు. అది చదివి నాకు ఒళ్లు మండింది. ఆ మంట చల్లారకముందే ఇది రాస్తున్నాను. పెద్ద టీచర్‌ని భయస్తురాలు అన్నవాళ్లు ఆమెతో ఒక్క శనివారం కూడా సరిగ్గా గడపలేదని నా నమ్మకం.

తెలియనివాళ్ల కోసం మా బడి గురించి రెండు మాటలు. సూరత్‌లో బమ్రోలి దగ్గర, పాండేసర మిల్లులకు పోయే దారిలో ఒక పాత మేడ. కింద చీరలు మడతపెట్టి అట్టపెట్టెల్లో సర్దే కార్ఖానా. పైన రెండంతస్తుల్లో మేం. మేడా, కార్ఖానా, బడీ మూడూ ఒకే శేఠ్‌వి. పిల్లల్లో ఎక్కువమంది సిరిసిల్ల, జగిత్యాల వైపు నుంచి మగ్గాల పనికి వచ్చినవాళ్ల బిడ్డలు. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, దుకాణంలో గుజరాతీ మాట్లాడతారు, మా దగ్గర మూడూ కలిపి కొడతారు. పెద్ద టీచర్ కూడా అలాంటి ఇంట్లోనే పుట్టి ఇక్కడే పెరిగారు. గుజరాతీవాళ్లు ఆమెను మోటా బెన్, అంటే పెద్దక్క, అనేవారు, మావాళ్లు పెద్ద టీచర్ అనేవారు. పొట్టి మనిషి, గొంతు మాత్రం మగ్గాల మోతను దాటి వినిపించేది.

నేను ఉద్యోగానికి వెళ్లిన రోజు ఆమె నా సర్టిఫికెట్లు ముట్టుకోలేదు. కూర్చోమని కూడా అనలేదు. ఈ బడి నుంచి బయటికి ఎన్ని దారులున్నాయి అని అడిగారు. నేను ఎక్కి వచ్చిన మెట్లు గుర్తు చేసుకుని ఒకటే అన్నాను.

"నువ్వొచ్చిన తొవ్వ ఒక్కటే చూసినవ్ బిడ్డా. ఇంకోటున్నది. అది చూసి రా, అప్పుడు మాట్లాడుకుందం."

వెళ్లి వెతికాను. వరండా చివర, నీళ్ల కుండల వెనక ఇంకో మెట్ల దారి ఉంది. ఉందంటే ఉంది. మెట్టు మెట్టుకూ తెల్లబట్ట తానులు పేర్చి ఉన్నాయి. కింద జాలీ గేటుకు నా పిడికిలంత తాళం. తిరిగి వచ్చి, ఉంది కానీ లేదు టీచర్ అన్నాను. ఆమె నవ్వి, రేపటి నుంచి రమ్మన్నారు.

ఆ తానులు శేఠ్‌వి. కార్ఖానాలో చోటు చాలక వెనక మెట్లను గోదాము చేసుకున్నాడు. పెద్ద టీచర్ అడిగినప్పుడల్లా ఇదిగో తీయిస్తా, అదిగో తీయిస్తా అనేవాడు. ఇలా సాగదీసి సాగదీసి ఒకసారి, అన్నీ దేవుడే చూసుకుంటాడు బెన్ అన్నాడట. దానికి ఆమె అన్న మాట మా బడిలో గోడ మీద రాయకపోయినా అందరికీ నోటికి వచ్చు.

"దేవుడున్నడు శేఠ్, కాదనను. గని మెట్ల మీద నిలబడడు. గది మన పని."

ఆ వారమే, శనివారం పిల్లలు ఇళ్లకు వెళ్లాక మమ్మల్నందరినీ వరండాలోకి పిలిచారు. ముందు మెట్ల నిండా పొగ ఉందనుకోండి, దిగండి అన్నారు. ఎటు దిగాలి? తానుల మీద నుంచే. చీరలు ఎత్తి పట్టుకుని, గోడలు పట్టుకుని, పడుతూ లేస్తూ, చెప్పులతో దిగాం. వానాకాలం. బమ్రోలి బురద ఎలాంటిదో చూసినవాళ్లకు తెలుసు. హిందీ సార్ భారీ మనిషి, ఆయన పాదం పడిన చోట తెల్లబట్ట మీద ముద్ర అచ్చు గుద్దినట్టు పడింది. సోమవారం శేఠ్ వచ్చి లబోదిబోమన్నాడు. ఆమె తాపీగా, ప్రతి శనివారం దిగుతాం శేఠ్, టీచర్లకు అలవాటు కావాలి కదా అన్నారు. ఉద్యోగం తీసేస్తానన్నాడు. తీసెయ్యమన్నారు. మరుసటి శనివారం ఇంకో వరస తానులు బురదపాలయ్యాక మెట్లు ఖాళీ అయ్యాయి. తాళం పోయి, లోపలి నుంచి చేత్తో లాగితే వచ్చే గడియ వచ్చింది. బతిమాలి సాధించలేనిది బురదతో సాధించాం.

మెట్లు వచ్చాయి కదా, పని అయిపోయిందనుకున్నాం. మంటొస్తే బయటపడే కసరత్తు పిల్లలతో మొదటిసారి చేసిన రోజు మా తెలివి బయటపడింది. మా బడిలో చెప్పులు క్లాసు గుమ్మం బయట విప్పడం ఆచారం. చదువు సరస్వతి కదా. పళ్లెం మోగగానే (కరెంటు పోతే గంట మోగదని ఆమె ఇత్తడి పళ్లెం, గరిటె పెట్టారు) పిల్లలు వరసగా లేచి, వరసగా గుమ్మం దాకా వచ్చి, అక్కడ కూలబడ్డారు. ఎవరి చెప్పులు వాళ్లు వెతుక్కుంటున్నారు. అన్నీ ఒకే అంగడిలో కొన్న నీలం రబ్బరు చెప్పులు. వెనకవాళ్లు ముందువాళ్ల మీద పడుతున్నారు. ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే, మేం టీచర్లం కూడా వంగి, ఇది నీదేనా, ఇది ఎవరిది అంటూ జత కలుపుతున్నాం. పెద్ద టీచర్ వరండా చివర నిలబడి అంతా చూసి, స్టాఫ్ రూమ్‌లోకి వచ్చాక నోరు విప్పారు.

"చెప్పులన్నీ బతికినయ్. పిల్లల సంగతి రేపు జూద్దం."

మేం పిల్లల్ని తిట్టబోతే ఆపారు. తప్పు వాళ్లది కాదు, ఇంటిది అన్నారు. చెప్పు పోగొట్టుకుని ఇంటికి వెళితే తల్లి వీపు చిట్లగొడుతుంది. మంట ఎప్పుడో ఒకసారి వస్తుంది, అమ్మ రోజూ ఉంటుంది. పిల్లలు దేనికి భయపడతారు? అందుకని మగ్గాలకు సెలవు రోజు చూసి తల్లిదండ్రులను పిలిచారు. పళ్లెం మోగితే పిల్లలు ఒట్టికాళ్లతో బయటికి వస్తారని చెప్పారు. మరి చెప్పులు పోతేనో అని ఒక తల్లి అడిగింది. పోతే నన్ను అడగండి, పిల్లను కొట్టకండి, కొట్టారని తెలిస్తే మీ ఇంటికి వస్తాను అన్నారు. ఆమె వస్తానంటే వచ్చే మనిషే. కోసాడ్ కాలనీ దాకా వెళ్లి తగువులు తీర్చి వచ్చిన సందర్భాలున్నాయి.

చెప్పుల జబ్బు వదలడానికి చాలా శనివారాలు పట్టింది. అది వదిలాక మాకు గర్వం పట్టుకుంది. ఒకసారి కసరత్తు ఎంత బాగా జరిగిందంటే, పక్కనున్న ఖాళీ ప్లాటులో నిలబడి మాకు మేమే చప్పట్లు కొట్టుకున్నాం. అప్పుడు హిందీ సార్‌కు అనుమానం వచ్చి, పెద్ద టీచర్ ఏరి అన్నాడు. ఎవరికీ తెలియదు. కాసేపటికి ఆమె ఒకటో తరగతి పాప చెయ్యి పట్టుకుని మెల్లగా మెట్లు దిగి వచ్చారు. ఇద్దరూ బాత్‌రూమ్‌లో దాక్కుని ఉన్నారట. ఎవరైనా వచ్చి తలుపు తడతారేమోనని చూశారట.

"మేమిద్దరం సచ్చిపోయినం. మీరు చప్పట్లు గొట్టుండ్రి."

ఆ పాప పకపకా నవ్వుతూనే ఉంది. మాలో ఎవరికీ నవ్వు రాలేదు. ఆ రోజు నుంచి అందరికన్నా చివర దిగే మనిషి బాత్‌రూమ్ తలుపులు చూడకుండా దిగకూడదని నియమం పెట్టుకున్నాం.

వరండాలో ఎదురుపడితే బాగున్నావా అని అడిగే రకం కాదు ఆమె. నువ్వు ఇవాళ బడికి రాలేదనుకో, నీ క్లాసును ఎవరు తీసుకుపోతారు అని అడిగేవారు. జవాబు తడుముకుంటే చెప్పేదాకా అక్కణ్ణుంచి కదలనిచ్చేవారు కాదు. కాలు సరిగా లేని పాప ఒకతె ఉండేది, ఆ పిల్లను ఎవరు ఎత్తుకోవాలో, ఆ మనిషి సెలవైతే ఇంకెవరో ముందే తేల్చి ఉండాలి. హిందీ సార్ వంతు వచ్చినప్పుడల్లా, నేను బీఏ చదివింది మూటలు మొయ్యడానికా అని సణుక్కునేవాడు. ఆ పాప మాత్రం ఆయన వీపెక్కి దర్జాగా చెయ్యి ఊపేది. పెళ్లికి పిలిచినా పెద్ద టీచర్ పందిట్లో ముందు బయటికి దారి చూసుకున్నాకే కుర్చీ చూసుకునేవారు. మేం ఆటపట్టిస్తే, భయపడేవాళ్లకు కాళ్లాడవు, అలవాటున్నవాళ్లకు ఆడతాయి, నాకు అలవాటు కావాలి అనేవారు. నాకైతే అది ధైర్యానికి మంచి నిర్వచనమే అనిపిస్తుంది. భయస్తురాలన్నవాళ్లు దానికేమంటారో మరి.

ఇక నిజంగా మంట వచ్చిన రోజు సంగతి. మధ్యాహ్నం భోజనాల తర్వాత, పిల్లలు కునికిపాట్లు పడే వేళ. కింద కార్ఖానాలో ఇస్త్రీ బల్ల దగ్గర తీగ కాలి, పక్కనున్న ప్లాస్టిక్ కవర్లు అంటుకున్నాయి. కరెంటు పోయింది. నాకు ముందు వాసన తెలిసింది, వెంటనే పళ్లెం మోత వినిపించింది. వరండాలోకి తల పెట్టి చూస్తే ముందు మెట్ల నుంచి నల్లటి పొగ పైకి వస్తోంది. నా నోరు దానంతట అది, శనివారాల్లో చెప్పినట్టే, లేవండి, చెయ్యి చెయ్యి పట్టుకోండి, వెనక మెట్లు అంది. నా వెనకాల పిల్లలు లేచారు. గుమ్మం దగ్గర ఒక పిల్ల ఒక్క క్షణం ఆగి కొత్త చెప్పుల వైపు చూసింది. తర్వాత పక్కపిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని వాటిని దాటి నడిచింది. ఆ ఒక్క అడుగు కోసం మా టీచర్ ఎన్ని శనివారాలు గొంతు చించుకున్నారో నాకు తెలుసు. హిందీ సార్ సణగకుండా పాపను వీపు మీదకు ఎత్తుకున్నాడు. పెద్ద టీచర్ బాత్‌రూమ్ తలుపులు తోసి చూసి, అందరి వెనకా దిగారు.

ప్లాటులో క్లాసు క్లాసుగా నిలబెట్టాం. అసలు గండం అక్కడ మొదలైంది. బడికి మంటలని ఒక నోటి నుంచి ఇంకో నోటికి పాకి, మగ్గాలు ఆపేసి తల్లిదండ్రులు పరిగెత్తుకొచ్చారు. తలల నిండా నూగు, కాళ్లకు చెప్పుల్లేవు. ఎవరికి వాళ్లు పిల్లల్ని లాక్కుపోదామని చూస్తున్నారు. పెద్ద టీచర్ అడ్డంగా నిలబడి, ఎవరి పిల్లను వాళ్లకే ఇస్తాను, టీచర్ చేతి నుంచే తీసుకోవాలి అని గట్టిగా చెప్పారు. ఒకతను తన కొడుకును తీసుకుని, అన్న కూతురిని కూడా పంపమన్నాడు. ఆమె పంపనన్నారు.

"నా అన్న బిడ్డనే గదా. నన్ను ఎరుగవా టీచర్?" అన్నాడతను.

"ఎరుగుదును. మీ అన్ననో వదిననో రానియ్యి. అందాక నా తాన ఉంటది."

అతను అనరాని మాటలన్నాడు. ఆమె చెవిన పెట్టలేదు, ఆ పిల్ల భుజం మీద చెయ్యి తీయలేదు. కాసేపటికే ఆ పిల్ల తల్లి వచ్చింది. ప్లాటు వైపు చూడనే లేదు. నేరుగా పొగ కక్కుతున్న ముందు మెట్ల మీదికి ఉరికింది. అప్పుడు పెద్ద టీచర్ పిల్ల చెవిలో ఏదో అన్నారు. ఆ పిల్ల ఉన్న ఊపిరంతా పెట్టి అమ్మా అని కేక వేసింది. తల్లి మెట్ల మీద ఆగింది. వెనక్కి తిరిగింది. ఆ పిల్ల అప్పటికే చిన్నాయన వెంట వెళ్లిపోయి ఉంటే ఆ తల్లిని వెనక్కి పిలిచే గొంతు ఏదీ అక్కడ ఉండేది కాదు. తిట్టినతను అక్కడే నిలబడి అంతా చూశాడు. వదిన కూతురిని హత్తుకుని ఏడుస్తుంటే తలవంచుకుని కొడుకును దించి, పెద్ద టీచర్ కాళ్లకు మొక్కబోయాడు. ఆమె జరిగిపోయి, పిల్లవాడికి నీళ్లు తాపించమన్నారు.

ఫైరింజన్లు వచ్చి ఆర్పేశాయి. ఎవరికీ గోరంత దెబ్బ తగల్లేదు. మర్నాడు జనం ఏమన్నారో తెలుసా? చిన్న మంటేగా, ఇంత హంగామా ఎందుకన్నారు. పిల్లల్ని ఎండలో ఒట్టికాళ్లతో నిలబెట్టిందన్నారు. ఏమీ జరగకపోతే ఏమీ జరగనివ్వని మనిషి ఎవరికీ కనబడదు. నేను ఊరందరితో పోట్లాడతానని లేస్తే ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. రేపు శనివారం, కింది క్లాసువాళ్లు మెట్ల మలుపు దగ్గర తోసుకున్నారు, అది సరిచేద్దాం అన్నారు. నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది. ఇప్పటికీ కొంచెం ఉంది.

నిరుడు రిటైరయి నాకు బాధ్యత అప్పగించినా శనివారాలు మానలేదు. అడాజన్ నుంచి బస్సులు మారి వచ్చి, ప్లాటు దగ్గర గోడ నీడలో నిలబడి చూసి వెళ్లేవారు. కొడుకు హజీరాలో పెద్ద కంపెనీలో ఇంజనీరు, కారులో దింపుతానంటే ఒప్పుకునేవారు కాదు. మొన్న శనివారం కూడా వచ్చారు. మలుపు దగ్గర బాగుంది అన్నారు. ఆమె నోట మెప్పు రావడం ఎంత అరుదో మాకే తెలుసు.

గురువారం బడిలో సంతాపసభ పెట్టాం. శేఠ్ వచ్చాడు. ఫొటోకు పెద్ద దండ వేసి, మోటా బెన్ లాంటి మనిషి మళ్లీ పుట్టదని హిందీలో చాలాసేపు మాట్లాడాడు. కళ్లు తుడుచుకున్నాడు, అది నటన కాదు. నాకు కూడా మనసు కరిగింది. సభ అయ్యాక పిల్లలు క్లాసుల్లోకి వెళ్లారో లేదో, వెనక సందులో టెంపో ఆగిన చప్పుడైంది. వెళ్లి చూస్తే తానుల మూటలు దించుతున్నారు. గేటు బార్లా తీసి ఉంది. దీపావళి సరుకు, గోదాములో చోటు లేదు, పండుగ దాకానే అన్నాడు శేఠ్. నేను కుదరదన్నాను. ఆయన గొంతు పెంచలేదు. ఆ గోలంతా మోటా బెన్‌తోనే పోయింది, ఆమె మొండి మనిషి, మీరు అర్థం చేసుకునేవారు కదా అని నచ్చజెప్పాడు.

అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. ఫొటోకు వేసిన దండ ఇంకా వాడిపోలేదు. జవాబు చెబితే ఏడుస్తానని తెలిసి పైకి వచ్చాను. నాకు ముందస్తు ఆలోచనేమీ లేదు. నాలుగో తరగతి పిల్లల్ని పుస్తకాలతో బయటికి పిలిచి, వెనక మెట్ల మీద మెట్టుకు ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, ఎక్కాలు మొదలుపెట్టమన్నాను. నన్ను చూసి హిందీ సార్ ఐదో తరగతిని తెచ్చి మిగిలిన మెట్లు నింపాడు. ఆయమ్మ వచ్చి అందరికన్నా కింది మెట్టు మీద, కొంగు బిగించుకుని, సుఖంగా కూర్చుంది.

హమాలీలు మూటలెత్తుకుని గేటు లోపలికి వచ్చారు. మొదటి అతను వీపు మీద మూటతో వంగి, నేల చూస్తూ వస్తున్నాడు. ఆయమ్మ పాదాలు కనబడితే ఆగి తల ఎత్తాడు. జగిత్యాల మనిషి, నాలుగో తరగతిలో ఒక పిల్లకు తండ్రి. ఆ పిల్ల ఆయమ్మ వెనక మెట్టు మీదే ఉంది. నాన్నను చూసి ఎక్కం ఆపేసి, బరువు మోస్తున్న మనిషికి దారివ్వాలని గోడ వైపు ఒదగబోయింది.

"జరగకు బిడ్డా," అన్నాడతను. "కూసో."

సందులోంచి శేఠ్ పిలిచాడు. ఇక్కడ నా బిడ్డ కూర్చుని ఉంది శేఠ్, నేను పెట్టను అని హిందీలో జవాబిచ్చాడు. గేటు దగ్గర మూటతో వెనక్కి తిరగడానికి చోటు లేదు. అందుకని మనిషి అలాగే, ముఖం మా వైపే పెట్టి, మడమలతో నేలను వెతుక్కుంటూ వెనక్కి నడిచాడు. అతని వెనక ఉన్నవాళ్లు కూడా ఒక్కొక్కరే వెనక్కి జరగక తప్పలేదు. మూట టెంపోలో పడిన చప్పుడు వినిపించింది. ఆ పిల్ల ఆపిన చోటి నుంచి ఎక్కం మళ్లీ అందుకుంది.